అపరకర్మలందు ఓషధీ వనస్పతులు

శ్రీమద్రామాయణమున చిత్రకూట ఘట్టము పారాయణము చేయువారికి సుపరిచితము. భరతుని వలన తండ్రి మరణవార్త వినిన శ్రీరామచంద్రుడు మూర్ఛిల్లి, తేరుకొని, సీతాలక్ష్మణులతో మందాకినీ తీరమునకు దిగి జలాంజలి సమర్పించెను. పిదప పిండప్రదానము చేయవలసియుండెను. అయోధ్యలోనే యున్నచో వరి అన్నము, తేనె, నెయ్యి క్షణములో సిద్ధమయ్యెడివి. అడవిలో నున్నవి గారకాయలు, రేగుపండ్లు మాత్రమే. సంస్కృతమున ఇంగుదియనబడు ఈ గారచెట్టు మెట్టభూములలో ముండ్లతో పెరుగు సామాన్య వృక్షము. ఆ గారపిండిలో రేగుపండ్లు కలిపి, దర్భలు పరచి, వానిపై పిండమునుంచి, తాము తినుచున్నదానినే తండ్రికి పెట్టుచున్నామని రాముడు కన్నీటితో విన్నవించుకొనెను.

కథ అంతటితో ముగియలేదు. కొంతసేపటికి ఆ త్రోవనే వచ్చిన కౌసల్యాదేవి దర్భలపై నున్న ఆ పిండమును చూచినది. భూమండలము నేలిన మహారాజు ఈ గారపిండి నెట్లు భుజించుననియు, దీనిని చూచియు తన గుండె ఏల పగులదనియు ఆమె విలపించినది. కొడుకు శాస్త్రము తప్పలేదు. తల్లి దుఃఖమును తప్పు కాదు. వాల్మీకి మహర్షి రెండింటిని ప్రక్కప్రక్కనే ఉంచినాడు. కర్మ చేసినంత మాత్రమున శోకము తుడిచిపెట్టుకొని పోవునని ఋషులెన్నడును చెప్పలేదు. ఏమి చేయవలెనో తోచక వణకుచున్న చేతికి వారొక పని కల్పించిరి. ఆ పనికి కావలసిన ద్రవ్యములను బంగారపు కొట్లలో గాక గట్లమీద, పెరళ్ళలో దొరకునట్లు ఏర్పరచిరి.

బెజవాడ మొదలు హంసలదీవి వరకు గల కృష్ణా డెల్టా గ్రామములలో ఇది నేటికిని కానవచ్చును. ఒక ఇంట ప్రాణము పోవుచున్నదని తెలిసినచో ముందుగా ఎవరో ఒకరు తులసికోట యొద్దకు పోవుదురు. తులసీదళము వేసిన తీర్థము గొంతులో పోయుటయే ఆ జీవునకు చేయగల కడపటి ఉపచారము. పిదప నేలపై దర్భలు పరచి, తిలలు చల్లి, దక్షిణ శిరస్సుగా పరుండబెట్టుదురు. పచ్చి వెదురుబొంగులు, కొబ్బరిమట్టలు తెచ్చి పాడె కట్టుదురు. శ్రీవైష్ణవ గృహములలో శ్రీచూర్ణ పరిపాలనము, బ్రహ్మమేధము మున్నగు విశేషములున్నను, సామాన్య వైష్ణవ గృహమున చితిపై ఒక తులసికాష్ఠమైనను వేయని వారుండరు.

ఇక్కడ ఒక సందేహమును తీర్చుట మంచిది. ద్వాదశినాడు తులసి కోయరాదు గదా, ఆనాడే మరణము ఆసన్నమైనచో ఏమి చేయవలెను? కోయనక్కరలేదు. తులసికి వాడినదను దోషము లేదు. ముందుదినము కోసియుంచినదైనను, కోటలో తనంత రాలిన దళమైనను పనికివచ్చును. పూజామందిరమున ఎండిన తులసిని కొంత ఎల్లప్పుడు భద్రపరచుకొను వృద్ధుల అలవాటునకు కారణమిదియే. పిల్లలు దానిని చెత్తయని ఊడ్చివేయకుండ చూచుకొనవలెను.

దర్భలు, తిలలు అను రెండింటిని పురాణములు సాక్షాత్తు భగవంతుని దేహమునుండి పుట్టినవిగా చెప్పుచున్నవి. యజ్ఞవరాహమూర్తి ఒడలు విదుల్చినప్పుడు రాలిన రోమములే ఎన్నడును పచ్చదనము వీడని కుశకాశములైనవని శ్రీమద్భాగవత తృతీయస్కంధమున నున్నది. తిలలు విష్ణువు చెమటబిందువులనుండి కలిగినవని గరుడపురాణము. కావున దర్భాసనముపై తిలోదకము విడుచు వైష్ణవుడు, తన వారిని ఎవరికి అప్పగించుచున్నాడో ఆ స్వామి దేహభాగములతోనే అప్పగించుచున్నాడు. పవిత్రము ధరించుటలోను భేదమున్నది. ప్రేతకార్యమునకు ఒక దర్భతోను, శుభకార్యమునకు రెండింటితోను, పితృకార్యమునకు మూడింటితోను పవిత్రము చేయుదురు. ఇంట మరణించినవాడు ప్రేతయై, సపిండీకరణముతో పితృదేవతయగుట ఆ వ్రేలికి తెలియుచుండును. మొదట ఒక్క దర్భ యుండినచోట పిదప మూడు చేరును.

ఏడాదికి సరిపోవు దర్భలను శ్రావణ బహుళ అమావాస్యనాడు కోసికొనవలెనని నియమము. ఆనాడు కోసినవి సంవత్సరమంతయు పనికివచ్చును. తెలుగు ఇండ్లలో ఆ దినమునకే పోలాల అమావాస్యయని పేరు. పురుషులు గట్లమీద దర్భలు కోయు ఆ ఉదయముననే స్త్రీలు ఇంటిలో కందమొక్కను పిలకలతో నిలిపి, పసుపుకొమ్ము కట్టి, పోలేరమ్మగా పూజింతురు. ఆ వ్రతకథ డెల్టా స్త్రీలకు కంఠస్థము. ఏటేట ఆ అమావాస్యనాడే బిడ్డను పోగొట్టుకొను ఒక తల్లి, చనిపోయిన బిడ్డను భుజముపై వేసికొని ఊరి వెలుపలికి వచ్చి, అమ్మవారియెదుట మొఱపెట్టుకొన్న కథ యది. అమ్మ కరుణించి బిడ్డలనందరిని లేపి ఇచ్చినది. కంద త్రవ్వినకొలది పిలకలు వేయును. సంతతి అట్లు నిలువవలెనని తల్లుల కోరిక. పోయినవారికై దర్భయు, ఉన్నవారికై కందయు ఒక్క తిథినాడే భూమినుండి చేతికి వచ్చుట యాదృచ్ఛికమని కొందరనవచ్చును. ఆ వ్రతకథను ఒక్కమారు శ్రద్ధగా విన్నవారు అట్లనజాలరు.

ఇక పుష్పముల విషయము. శ్రాద్ధమున ఏ పూవులు పనికివచ్చునో స్మృతులు వివరముగా చెప్పినవి. ముక్కుపుటములదరు ఘాటైన వాసన గలవి, బొత్తిగా వాసన లేనివి, చైత్యవృక్షములకు పూచినవి, ఎర్రనివి కూడదు. కాని ఎర్రనివైనను నీట పుట్టినవైనచో గ్రాహ్యములే. అనగా ఎర్రతామర, ఎర్రకలువ నిరభ్యంతరములు. మల్లె, జాజి, తామర శ్రేష్ఠములు. చెరువులకు, మల్లెతోటలకు కొదువలేని ఈ సీమవారికి ఇంతకంటె సులభమైన విధి వేరొకటి యుండదు.

నేడు జరుగుచున్నది వేరు. పెద్దమనిషి పోయినాడన్న వార్త తెలియగానే విజయవాడ పూల అంగళ్ళనుండి నిలువెత్తు దండలు బండ్లలో దిగును. ఎవరి దండ పెద్దదో చూచుకొనుట కూడ కద్దు. త్రోవ పొడవునను చల్లిన బంతిపూల రేకలు కాళ్ళక్రిందపడి నలిగి, మరునాటికి బురదలో కలియును. దండలన్నియు శ్మశానద్వారమున ఒక మూల గుట్టగా పడియుండును. అట్లని పూలతో సాగనంపుట తప్పని ఎవ్వరును అనరు. ఒక్క మల్లెదండతో సాగనంపి, మిగిలిన ధనమును ఆ ఇంటి బిడ్డల చదువునకిచ్చినచో ఏ స్మృతికిని విరోధము కాదు.

పటమునకు వేయు ప్లాస్టికు దండను గూర్చియు చెప్పవలసియున్నది. పూవు వాడును కనుకనే ప్రతిదినము ఎవరో ఒకరు ఆ పటము దగ్గరకు వచ్చి, వాడినది తీసి, క్రొత్తది వేసి, ఒక నిమిషము నిలుతురు. వాడని దండ వేసిన పటము దగ్గరకు ఎవ్వరును రారు. సాలెపురుగు మాత్రము వచ్చును. వాడిన పూలను, పాలిథీను సంచితోసహా, ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో విసరివేయుట మరియొక దురాచారము. నిర్మాల్యమును చెట్టు మొదట వేయవచ్చును. ఆ నీటినే దిగువ డెల్టావారు త్రాగుచున్నారని మరువరాదు.

పూలకు సంబంధించిన ఇంకొక ఆచారమును ప్రస్తావింపక తప్పదు. భర్తను కోల్పోయిన స్త్రీకి పదవనాడు పసుపు కుంకుమలు పెట్టి, తలనిండ పూలు తురిమి, నలుగురి నడుమ కూర్చుండబెట్టి, తరువాత వానినన్నిటిని తీసివేయుట కొన్ని కుటుంబములలో నేటికిని జరుగుచున్నది. విధవా నియమములు స్మృతులలో నున్నమాట నిజమే. కాని ఈ తంతు అపరప్రయోగమున మంత్రపూర్వకముగ చెప్పబడిన కర్మ కాదు, లోకాచారము. వేదము చెప్పినది మరియొకటి. భర్త కళేబరము చెంత నున్న స్త్రీని ఉద్దేశించి, లెమ్ము, జీవలోకమునకు రమ్ము అను అర్థముగల మంత్రము ఋగ్వేద దశమ మండలమునను, తైత్తిరీయారణ్యకమునను కలదు. పుట్టింట తల్లి పెట్టిన పూవు భర్త ఇచ్చినది కాదు, భర్తతో పోవలసినదియు కాదు. ఇంటి పెద్దలు ఒక్కమాట గట్టిగా చెప్పినచో ఆ పదవనాటి క్రూరత్వము ఆ ఇంట ఆగిపోవును. ఇట్లు చెప్పిన పెద్దలు డెల్టా గ్రామములలో లేకపోలేదు.

శ్రాద్ధభోజనమున కూరలను గూర్చి ఒక ముచ్చట మాత్రము చెప్పుకొందము. వసిష్ఠుని ఇంట ఆబ్దికమునకు భోక్తగా వచ్చుటకు విశ్వామిత్రుడు వేయిన్నెనిమిది కూరలు కోరినాడట. అరుంధతీదేవి కాకర, నల్లేరు, పనస వండి, మరి ఎనిమిది కూరలు చేర్చి వడ్డించినది. శ్రాద్ధమున కాకర నూరు కూరలకు, నల్లేరు మూడువందలకు, పనస ఆరువందలకు సమమని శాస్త్రమట! లెక్క సరిపోయినది. ఇది రామాయణములోనిది కాదు, పెద్దలు చెప్పుకొను చాటుకథ. అయినను కంచెమీద ప్రాకు నల్లేరుకు మూడువందల కూరల విలువ కట్టిన గృహిణి సంపన్నురాలై యుండదని మాత్రము ఊహింపవచ్చును.

ఇంతవరకు చెప్పినది దేహము ఎదుట నున్నవారి మాట. దేహమే దొరకనిచో?

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, శనివారము. కార్తిక శుక్లపక్షము. క్షీరాబ్ది ద్వాదశికి ఇంక కొద్దిదినములే యున్నవి. తులసికోటలకు సున్నము వేసి, ఉసిరికొమ్మలు తెచ్చుకొను సమయము. ఆనాడు వచ్చిన తుఫానులో సముద్రము సుమారు 5 మీటర్ల ఎత్తున దివిసీమపై పడినది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామములలో కుటుంబములకు కుటుంబములే కొట్టుకొనిపోయినవి. తాడిచెట్లను, తుమ్మచెట్లను కౌగిలించుకొన్నవారు కొందరు బ్రతికి బయటపడిరి. దొరికిన శవములలో అనేకమును గుర్తించువారు లేక సామూహికముగ దహనము చేయవలసివచ్చినది. మరెన్నో సముద్రములోనికే పోయినవి. ఏ నేలమీద దీపము పెట్టవలెనో, ఏ ఎముకను కృష్ణలో కలుపవలెనో తెలియని ఇండ్లు ఎన్ని!

ఇట్టి ఆపదను ఋషులు ఊహించియుండిరి. దేశాంతరమున పోయి, నీట మునిగి, శరీరము గాని అస్థులు గాని లభింపనివానికి ఏమి చేయవలెనో ఐతరేయ బ్రాహ్మణమే చెప్పినది. మూడువందల అరువది మోదుగ ఆకుల కాడలను తెచ్చి, పురుషాకృతిగా పేర్చి, ఆ ఆకృతికే సంస్కారము చేయవలెను. దీనినే పర్ణశరదాహమనియు, పలాశవిధియనియు అందురు. కాడలను కృష్ణాజినముపై పేర్చి, ఉన్నిదారముతో కట్టి, యవపిండితో పూయుదురు. తలస్థానమున కొబ్బరికాయ నుంచు సంప్రదాయమును కలదు. తలకెన్ని, బాహువులకెన్ని, తొడలకెన్ని యను లెక్క సూత్రమును బట్టి మారును; ఎవరి సూత్రమును వారనుసరింపవలెను.

మూడువందల అరువది యను సంఖ్య ఎక్కడిది? మానవదేహమున అన్ని అస్థులున్నవని శతపథ బ్రాహ్మణమును, చరకసంహితయు లెక్కించినవి. సుశ్రుతుడు వేదవాదుల లెక్కను పేర్కొని, శల్యతంత్రమున మూడువందలే యనెను. నేటి వైద్యులు 206 అందురు. లెక్కలో భేదమున్నను భావమొక్కటే: ఒక్కొక్క ఎముకకు ఒక్కొక్క కాడ. కొడుకు కూర్చుండి ఒక్కటొక్కటిగా మూడువందల అరువది కాడలను పేర్చుటకు చాలసేపు పట్టును. తండ్రి చేయి ఇది, తండ్రి వక్షము ఇదియని పేర్చుచున్నంతసేపును, సముద్రము లాగుకొనిపోయిన ఆ దేహమును అతడు తన చేతులతో మరల స్పృశించుచున్నాడు. ఆ అవకాశమే ఉప్పెన అతనికి లేకుండ చేసినది.

మోదుగయే ఎందుకనగా, దానికి శ్రుతిప్రమాణమున్నది. ద్యులోకమునుండి సోమము తేబడునప్పుడు తెగిపడిన పర్ణమే ఈ వృక్షమైనదని తైత్తిరీయమున కలదు. అంతకంటె దగ్గరి కారణమును గృహస్థులెరుగుదురు. ఉపనయనమున బ్రహ్మచారిచేతికిచ్చు దండము మోదుగది. వటువుకు వడ్డించు విస్తరి మోదుగాకులది. ఏ చెట్టు కొమ్మ పట్టుకొని వేదమారంభించినాడో ఆ చెట్టు కాడలే తుదకు అతని దేహమైనవి. వరిపొలముల నడుమ మోదుగ అరుదు. మైలవరము, కొండపల్లి ప్రాంతముల మెట్టలనుండి తెచ్చుకొనవలసియుండును. ఫాల్గునమున ఆకు రాలి చెట్టంతయు పూవులే యుండును గనుక అప్పుడు కాడలు దొరకుట కష్టము. దొరకనిచోట దర్భలతోనైనను ఆకృతి చేయవచ్చునని పెద్దల మాట.

ఎంతకాలము వేచియుండవలెనను ప్రశ్న వచ్చును. పోయినవాని జాడ తెలియక, మరణము నిశ్చయము కానప్పుడు పండ్రెండేండ్లు ఎదురుచూడవలెనని స్మృతివచనము. లౌకిక న్యాయమున 1872 నాటి సాక్ష్యచట్టము ఏడేండ్ల గడువు పెట్టినది. 2024 జూలై నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును అదే గడువును నిలిపినది. ఉప్పెనలో కన్నులయెదుట కొట్టుకొనిపోయినవారి విషయమున ఈ గడువులతో పనిలేదు. మరణము నిశ్చయమైనప్పుడు వెంటనే పర్ణశరదాహము చేయవచ్చును. అపమృత్యువు గనుక నారాయణబలియు చేయవలెను. మహాలయపక్షమున చతుర్దశి ఇట్టివారికై ప్రత్యేకింపబడినది.

ఇక శాస్త్రకారుల కరుణను తెలుపు విషయమొకటి. పర్ణశరదాహమైన పిమ్మట ఆ మనిషియే బ్రతికి తిరిగివచ్చినచో? నిబంధనకారులు దీనిని విడువలేదు. అతనిని నేతిలో ముంచి వెలికిదీసి, స్నానము చేయించి, జాతకర్మ మొదలు సంస్కారములన్నియు మరల చేసి, తన భార్యనే తిరిగి వివాహమాడింపవలెనని వ్రాసిరి. మోదుగ కాడలను కాల్చిన కొడుకు మనస్సులో ఏ మూలనో మిగిలిన ఆశను గూడ వారు చూచిరి. తిరిగివచ్చువానికి ఇంటి వాకిలి మూయలేదు.

కర్మ చేయుటకు ఒక్కరైనను మిగులని కుటుంబముల గతి యేమని దివిసీమవారు అడుగుట న్యాయమే. నిత్యతర్పణమునందే దీనికి సమాధానమున్నది. తల్లిదండ్రులుగాని, బంధువులుగాని, గోత్రజులుగాని లేనివారందరు తానిచ్చు ఉదకముతో తృప్తినొందుదురుగాక యని కర్త ఒక అంజలి విడుచును. కులమున అపుత్రకులై పోయినవారికై తడివస్త్రమును పిడిచి ఆ నీటిని సమర్పించును. దీనికి బంధుత్వము ప్రమాణము కాదు. ఏమియు లేనివాడు ఏడెనిమిది తిలలు కలిపిన నీటిని ఇయ్యవచ్చుననియు, అదియు లేనిచో ఆవునకు పిడికెడు గడ్డి పెట్టవచ్చుననియు, అదియు లేనిచో అడవిలో నిలిచి చేతులెత్తి, నాయొద్ద భక్తి తప్ప మరేమియు లేదని పితరులకు విన్నవింపవచ్చుననియు విష్ణుపురాణము అనుగ్రహించినది.

కృష్ణమ్మ సముద్రములో కలియు హంసలదీవియందు శ్రీ వేణుగోపాలస్వామి వెలసియున్నాడు. పాపుల స్నానములచే నల్లబడిన గంగ కాకిరూపమున తీర్థములన్నియు తిరిగి, ఇక్కడ మునిగి హంసగా మారెనని స్థలపురాణము. మాఘపూర్ణిమనాడు సాగరసంగమ స్నానమునకు వేలాదిగా యాత్రికులు వచ్చెదరు. ఉప్పెన తాకిడికి గురియైన తీరమిదియే. సంగమమున మునిగి స్వామిని సేవించి మరలుటకు ముందు, తర్పణాధికారము గలవారు ఆ బంధుహీనుల పేర ఒక తిలోదకాంజలి విడువవచ్చును. దర్భలు, నువ్వులు ఇంటినుండియే కట్టుకొని పోవలెను. ఆ ఇసుకతిన్నెలపై అవి దొరకవు.